కాల్‌వర్క్స్: 30 గంటల లెక్క మీద నడిచే సాయం ఎంతవరకు అక్కరకొస్తుంది?

కాలిఫోర్నియాలో పిల్లలున్న పేద కుటుంబాలకు నెలనెలా నగదు ఇస్తూ, ఇంట్లోని పెద్దవాళ్లను పనిలోకో చదువులోకో పంపే పథకం కాల్‌వర్క్స్. అందులో పని నిబంధన ఉన్న భాగం పేరు ‘వెల్ఫేర్ టు వర్క్’. లాస్ ఏంజెలెస్ కౌంటీలో మాత్రం ఇప్పటికీ ‘గెయిన్’ అనే పాత పేరే వాడతారు. నిబంధనల చట్రం వాషింగ్టన్‌ది, చట్టం రాష్ట్ర రాజధాని శాక్రమెంటోది, అమలు చేసేది 58 కౌంటీల ఆఫీసులు. మన ఊళ్లో ఉపాధి హామీ నడిచిన తీరు చూసినవాళ్లకు ఈ అమరిక కొత్తగా అనిపించదు. అక్కడ ఎంత మట్టి తవ్వినా మస్టర్‌లో పేరు ఎక్కకపోతే కూలి పడదు. ఇక్కడ ఎన్ని క్లాసులకు వెళ్లినా హాజరు పట్టీ మీద సంతకం లేకపోతే ఆ గంటలు లేనట్టే.

మా అంచనా మొదటే చెప్తాం. పిల్లల సంరక్షణ, చదువుకు వెసులుబాటు, జీతం వచ్చినా గ్రాంటు (నెలనెలా వచ్చే నగదు) ఒక్కసారిగా తెగిపోకపోవడం, ఈ మూడింటిలో ఇది మంచి పథకం. పెద్దవాళ్లు నిబంధన తప్పినా పిల్లల వాటా జోలికి పోకపోవడం ఇంకా మంచి సంగతి. దెబ్బ తగిలేదంతా కాగితం దగ్గర. ఎందుకు తగులుతుందో తెలియాలంటే ఫెడరల్ లెక్క అర్థం కావాలి.

1996 ఆగస్టు 22న క్లింటన్ సంతకం చేసిన చట్టంతో, 1935 నుంచి నడుస్తున్న పాత సాయం పోయి ‘టానిఫ్’ (పేద కుటుంబాలకు తాత్కాలిక సాయం) వచ్చింది. పాత పద్ధతిలో పేదలు పెరిగితే ఫెడరల్ డబ్బూ పెరిగేది. టానిఫ్‌లో ముద్దగా ఒకే మొత్తం ఇస్తారు. దేశం మొత్తానికి ఏటా సుమారు 1,650 కోట్ల డాలర్లు, అందులో కాలిఫోర్నియా వాటా సుమారు 370 కోట్లు. అద్దెలు, సరుకుల ధరలు ఎంత పెరిగినా ఆ అంకె దాదాపు అక్కడే ఉండిపోయింది. దానికి తోడు రాష్ట్రం తన పాత ఖర్చులో 80 శాతం సొంతంగా పెట్టాలి. పని లక్ష్యం అందుకుంటే 75 శాతం చాలు.

ఆ పని లక్ష్యమే అసలు మెలిక. పెద్దవాళ్లు సాయం పొందుతున్న కుటుంబాల్లో 50 శాతం, తల్లిదండ్రులిద్దరూ ఉన్న కుటుంబాల్లో 90 శాతం నిర్ణీత గంటలు పనిలో ఉన్నట్టు రాష్ట్రం చూపించాలి. చూపలేకపోతే మొదటి ఏడాది రాష్ట్రానికి వచ్చే ఫెడరల్ డబ్బులో 5 శాతం జరిమానా. తర్వాత ఏటా 2 శాతం చొప్పున పెరిగి 21 శాతం దాకా పోవచ్చు. సాయం పొందే కుటుంబాల సంఖ్య తగ్గిన మేరకు లక్ష్యంలో తగ్గింపు ఇస్తారు. ఆ తగ్గుదలను లెక్కించే ఆధార సంవత్సరం ఇంతకాలం 2005గా ఉండేది. 2023 చట్టం దాన్ని 2015కి మార్చింది. 2025 అక్టోబరు నుంచి అదే అమల్లో ఉంది, దాంతో చాలా రాష్ట్రాలకు ఆ తగ్గింపు సన్నబడింది. కాలిఫోర్నియా 2014లో ఇంకో దారి పట్టింది. ఫుడ్ స్టాంపులు తీసుకుంటూ ఉద్యోగం చేస్తున్న కుటుంబాలకు నెలకు 10 డాలర్లు ఇచ్చి, వాళ్లనీ లెక్కలో చూపింది. నెలకు 35 డాలర్ల కన్నా తక్కువ అందుకునే కుటుంబాలు లెక్కకు రావని చెప్పి 2023 చట్టం ఆ దారీ మూసేసింది. ఈ ఒత్తిడి మొత్తం చివరికి కేస్ వర్కర్ టేబుల్ మీదికి దిగుతుంది. ఆమె మీ హాజరు పట్టీ కోసం ఎందుకంత పట్టుబడుతుందో ఇప్పుడు తెలుస్తుంది.

ఇక గంటలు. ఒంటరి తల్లికి గానీ తండ్రికి గానీ వారానికి సగటున 30. ఇంట్లో ఆరేళ్లలోపు బిడ్డ ఉంటే 20. తల్లిదండ్రులిద్దరూ ఉంటే కలిపి 35. లెక్క నెలకు కడతారు, వారాన్ని 4.33తో హెచ్చిస్తారు. కాబట్టి 30 అంటే నెలకు దాదాపు 130 గంటలు, 20 అంటే 87. ఫెడరల్ పట్టికలో పాక్షిక మార్కులు ఉండవు. సగటు 29 వచ్చినా ఆ కుటుంబం సున్నాయే.

పనుల్లో కూడా తరగతులున్నాయి. మొత్తం 12 రకాలు, అందులో 9 ముఖ్యమైనవి. మామూలు ఉద్యోగం, సబ్సిడీ ఉద్యోగం, పని అనుభవం, సామాజిక సేవ, ఉద్యోగ వేట, వృత్తి విద్య లాంటివి వీటిలోకి వస్తాయి. 30లో కనీసం 20 గంటలు ఈ తొమ్మిదిలోంచే రావాలి. మిగతా మూడు, అంటే ఉద్యోగానికి సంబంధించిన చదువు, నైపుణ్య శిక్షణ, హైస్కూల్ చదువు, ఆ పైన పది గంటలకే పనికొస్తాయి. వృత్తి విద్య ముఖ్యమైన పనుల్లో ఉన్నా జీవితకాలం మొత్తం మీద 12 నెలలే లెక్కకొస్తుంది. ఉద్యోగ వేట ఏడాదిలో ఆరు వారాలు, అదీ వరసగా నాలుగు వారాలకు మించకుండా.

ఎనిమిదేళ్ల బిడ్డ ఉన్న ఒక తల్లి కమ్యూనిటీ కాలేజీలో 12 యూనిట్లు తీసుకుందనుకోండి. క్లాసులు వారానికి 12 గంటలు. క్లాసు గంటకు ఒక గంట చొప్పున ఇంట్లో చదువుకునే సమయాన్నీ కలుపుకోవచ్చు, అయితే అంత హోంవర్కు అవసరమని కాలేజీ చెప్పి ఉండాలి. అలా 24 గంటలయ్యాయి. 30కి ఆరు తక్కువ. క్యాంపస్‌లో వర్క్ స్టడీ ఆరు గంటలు దొరికితే లెక్క సరిపోతుంది. 13వ నెలలో అదే చదువు, అదే శ్రమ, కానీ ఫెడరల్ లెక్కలో వృత్తి విద్య గడువు అయిపోయింది. ఇప్పుడు ఆమె 20 గంటలు వేరే పనిలో ఉంటే తప్ప చదువుకు విలువ లేదు.

కాలిఫోర్నియా ఇక్కడే మంచి పని చేసింది. 2013 నుంచి మొదటి 24 నెలలు ఈ ముఖ్యం, అముఖ్యం తేడా లేకుండా చదువు, శిక్షణ, మానసిక వైద్యం లాంటివన్నీ ఒప్పుకుంది. 2022 మే 1 నుంచి ఆ 24 నెలల గడియారాన్నే తీసేసి, మొత్తం 60 నెలలకూ అదే వెసులుబాటు ఇచ్చింది. అదే రోజు నుంచి పెద్దవాళ్ల సాయానికి గడువును, 2011లో తగ్గించిన 48 నెలల నుంచి, మళ్లీ 60 నెలలకు పెంచింది. అంటే పై ఉదాహరణలోని తల్లి, 30 గంటలు నింపుతున్నంతకాలం, 13వ నెలలో ఫెడరల్ లెక్కలో సున్నా అయినా రాష్ట్ర నిబంధన ప్రకారం నిక్షేపంగా ఉన్నట్టే. ఆమె గ్రాంటు కోయడానికి వీల్లేదు. ఈ ఒక్క తేడా తెలియక నర్సింగ్ అసిస్టెంట్ కోర్సో, అకౌంటింగ్ సర్టిఫికెట్టో మధ్యలో ఆపేసి దొరికిన ఉద్యోగంలో చేరే అవసరం ఎవరికీ రాకూడదు. ‘ఈ చదువు లెక్కకు రాదు’ అనే మాట వినిపిస్తే, ఏ లెక్కకు రాదో అడగండి. ఫెడరల్ లెక్కకా, మీ గ్రాంటు లెక్కకా? రెండూ వేరు.

చదువా, ముందు ఉద్యోగమా అనే వాదానికి ఈ రాష్ట్రంలోనే పాత సాక్ష్యం ఉంది. 1985 నాటి గెయిన్ పథకాన్ని, సామాజిక పథకాలను పరిశోధించే ఎండీఆర్‌సీ సంస్థ ఆరు కౌంటీల్లో పరిశీలించింది. ‘ఏ ఉద్యోగమైనా మంచిదే’ అన్న పద్ధతిలో నడిచిన రివర్‌సైడ్ కౌంటీలో మూడేళ్లలో సంపాదన, పథకంలో లేనివాళ్లతో పోలిస్తే, 49 శాతం ఎక్కువ తేలింది. ఆ అంకె దేశమంతా పాకి 1996 చట్టం నాటి ఆలోచనకు బలమిచ్చింది. తొమ్మిదేళ్ల దాకా లాగి చూసిన తర్వాతి పరిశీలనల్లో మాత్రం చదువు మీద ఎక్కువ పెట్టిన కౌంటీలు రివర్‌సైడ్‌ను అందుకున్నాయి. తొందరపడి చదువు మానొద్దని మేం అంటున్నది అందుకే.

దరఖాస్తు మంజూరయ్యాక మొదటి మెట్టు అప్రైజల్. ‘ఓక్యాట్’ అనే ఆన్‌లైన్ ప్రశ్నావళి ముందు పెట్టుకుని వర్కర్ మీ చదువు, ఆరోగ్యం, ఇల్లు, పిల్లలు, ఇంట్లో హింస అన్నీ అడుగుతుంది. చాలామంది పరువు అడ్డొచ్చి ‘అంతా బాగానే ఉంది’ అని చెప్పేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది. నడుం నొప్పి, నిద్రలేని రాత్రులు, ఇంగ్లీషు రాకపోవడం, కారు లేకపోవడం, ఏది చెప్తే దానికి తగ్గ సేవో మినహాయింపో ఆ జవాబు నుంచే పుడుతుంది. తర్వాత నాలుగు వారాల దాకా ఉద్యోగ వేట గానీ, మీకు ఏ పనో ఏ చదువో సరిపోతుందో చూసే అసెస్‌మెంట్ నేరుగా గానీ. చివరికి డబ్ల్యూటీడబ్ల్యూ 2 అనే ఫారం మీద మీ ప్రణాళిక. ఏ పని, ఎక్కడ, వారానికి ఎన్ని గంటలు, కౌంటీ ఏమేం ఇస్తుంది అన్నీ అందులో ఉండాలి. సొంతంగా ముందే కాలేజీలో చేరి ఉంటే, దాన్నే ప్రణాళికగా ఆమోదించమని అడిగే హక్కు ఉంది. బస్ పాస్, పుస్తకాలు, చైల్డ్ కేర్ ఆ కాగితం మీద రాయించకుండా సంతకం పెట్టకండి. నోటిమాటగా ఒప్పుకున్నది వర్కర్ మారగానే మాయమవుతుంది.

అసలు గంటలే అక్కర్లేనివాళ్లూ ఉన్నారు. 60 ఏళ్లు దాటినవాళ్లు, కనీసం 30 రోజులు పనిచేయలేని జబ్బు ఉన్నవాళ్లు, ఇంట్లో మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లు. రెండేళ్లలోపు బిడ్డను చూసుకునే తల్లికి గానీ తండ్రికి గానీ జీవితంలో ఒకసారి మినహాయింపు దొరుకుతుంది. ఒకసారే కాబట్టి దాన్ని ఏ బిడ్డకు వాడుకోవాలో ఆలోచించి అడగాలి.

డబ్బు లెక్క ఈ పథకంలో మాకు బాగా నచ్చిన భాగం. జీతంలో మొదటి 600 డాలర్లు వదిలేస్తారు, మిగతాదాంట్లో సగమే ఆదాయంగా చూస్తారు. నెలకు 1,400 జీతం వస్తే 600 తీసేయగా 800, అందులో సగం 400. మీ గ్రాంటు 1,100 అనుకుంటే 700 వస్తుంది. చేతికి మొత్తం 2,100. జీతం ఇంకో 200 పెరిగితే గ్రాంటు వందే తగ్గుతుంది. పనికి వెళ్లినవాళ్లు నష్టపోకుండా కట్టిన లెక్క ఇది, మనసు పెట్టి కట్టారు. ఇంటి నుంచి టిఫిన్లు, పచ్చళ్లు అమ్మేవాళ్లకు, బట్టలు కుట్టేవాళ్లకు ఇంకో సంగతి. సొంత వ్యాపారానికి హాజరు పట్టీ ఉండదు. అందుకని ఫెడరల్ లెక్కలో ఖర్చులు పోను మిగిలినదాన్ని ఫెడరల్ కనీస వేతనం, గంటకు 7.25 డాలర్లతో భాగిస్తారు. నెలకు 870 మిగిలితే 120 గంటలు. ఆరేళ్లలోపు బిడ్డ ఉన్నవాళ్లకు అది పుష్కలం, 130 కావాల్సినవాళ్లకు పది తక్కువ. ప్రతి రసీదూ దాచుకోవాలి నిజమే, కానీ ఖర్చు ఎక్కువ చూపిన కొద్దీ గంటలు తగ్గుతాయన్నదీ గుర్తుంచుకోండి.

చైల్డ్ కేర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ రాష్ట్రంలో ఇద్దరు చిన్నపిల్లల డేకేర్ ఖర్చు ముందు నగదు గ్రాంటే చిన్నదిగా కనిపిస్తుంది. ఈ చైల్డ్ కేర్ సాయానికి మూడు దశలు. మొదటి దశ కౌంటీ చేతిలో ఉంటుంది, రెండు, మూడు దశలు వేరే ఏజెన్సీల చేతిలో. నగదు సాయం ఆగిపోయిన తర్వాత కూడా, ఆదాయం హద్దులో ఉంటే, 24 నెలల దాకా రెండో దశలో ఉండొచ్చు. ఉద్యోగం వచ్చింది కదా అని కేసు మూసుకుని, ఈ సంగతి తెలియక డేకేర్‌కు సొంత జేబులోంచి కట్టడం మొదలుపెట్టకండి. లైసెన్సున్న సెంటరే కానక్కర్లేదు. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని, మేనత్త బిడ్డను చూసుకున్నా వాళ్లకు చెల్లిస్తారు, వాళ్లకు ట్రస్ట్‌లైన్ (పిల్లలను చూసుకునేవాళ్ల నేరచరిత్ర తనిఖీ) నమోదు కూడా అక్కర్లేదు. కానీ విజిటర్ వీసా మీద ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు ఈ డబ్బు ఇప్పించకూడదు. ఆ వీసా మీద పనిచేసి సంపాదించడానికి వీల్లేదు, ఆమె తర్వాతి ప్రయాణాలకే చేటు.

మిగతావి చిన్నవే, అడిగితేనే వస్తాయి. మూడేళ్లలోపు ప్రతి బిడ్డకు డైపర్లకు నెలకు 30 డాలర్లు, పుస్తకాలు, యూనిఫాం, పనిముట్లు. రవాణాకు సాధారణంగా బస్ పాస్ ఇస్తారు. బస్సులో రానూపోనూ రెండు గంటలకు మించితే మైలేజీ అడగొచ్చు. కొని బిల్లు పెట్టడం కన్నా కొనకముందే అడగడం మేలు.

తెలుగువాళ్లు తరచూ తడబడే చోటు వీసా. హెచ్-1బి, హెచ్-4 మీద ఉన్న పెద్దవాళ్లకు ఈ సాయం లేదు. ఇక్కడ పుట్టిన బిడ్డకు మాత్రం అర్హత ఉంటుంది. అలాంటప్పుడు గ్రాంటు బిడ్డ వరకే వస్తుంది, తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకొస్తుంది, వాళ్లకు పని గంటల నిబంధన ఉండదు. 1996 చట్టం గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లను అయిదేళ్లు ఫెడరల్ టానిఫ్‌కు దూరం పెట్టింది. ఆ అయిదేళ్లూ కాలిఫోర్నియా సొంత డబ్బుతో ఇస్తుంది, అన్ని రాష్ట్రాలూ ఇలా చేయవు. అయితే మీ కోసం అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ (పోషణ హామీ పత్రం) మీద సంతకం పెట్టిన స్పాన్సర్ ఆదాయాన్ని కూడా కలిపి చూస్తారు. ఇంకా గ్రీన్‌కార్డు రానివాళ్ల విషయంలో, పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వం మీద భారమవుతారా అనే పరీక్ష) కింద చూసేవాటిలో నగదు సాయం ఒకటి. తమ పేరున తీసుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాల్సిందే.

భర్త హింస భరించలేక పిల్లలతో బయటపడిన స్త్రీ సంగతి వేరు. భర్త సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ అయితే మహిళలపై హింసను అడ్డుకునే ‘వావా’ చట్టం కింద గ్రీన్‌కార్డుకు తనే పిటిషన్ పెట్టుకోవచ్చు. కాకపోతే నేరానికి గురైనవాళ్ల యు వీసా దారి ఉంది. ఈ రెండు దారుల్లోనూ కాల్‌వర్క్స్‌కు అర్హత దొరికే వీలుంది. పని గంటలు, 60 నెలల గడియారం, భర్త నుంచి పోషణ రాబట్టడానికి సహకరించడం లాంటి నిబంధనలు ఆమెకు సడలిస్తారు. ఆమె ప్రమాణం చేసి రాసిచ్చిన మాటే సాక్ష్యంగా చాలు. నమ్మకపోవడానికి కౌంటీకి స్వతంత్ర ఆధారం ఉంటే, దాన్ని కౌంటీయే రాతపూర్వకంగా చూపాలి. ఈ అవసరం ఉన్న చెల్లెళ్లకు ఈ మాట చేరాలని మా కోరిక. అప్రైజల్ రోజు బిడ్డనో బంధువునో దుభాషిగా తీసుకెళ్లకండి, వాళ్ల ముందు ఇలాంటివి నోరు దాటవు. కౌంటీ ఉచితంగా దుభాషిని పెట్టాలి. తెలుగు అయితే సాధారణంగా ఫోన్ మీద దొరుకుతారు, ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు చెడేది ఎక్కడో చూద్దాం. మీ కేసుకు సాధారణంగా ఇద్దరు వర్కర్లు ఉంటారు, గ్రాంటు చూసేవారు ఒకరు, పని గంటలు చూసేవారు మరొకరు. ఏడాదికి ఒకసారి వచ్చే అర్ధ సంవత్సర ఆదాయ నివేదిక ఎస్‌ఏఆర్ 7 మొదటివారికి, ఆ నెల 5లోపు అందాలి. దాంతోపాటు పే స్టబ్ (జీతం చీటీ) పంపి పని అయిపోయిందనుకుంటారు. రెండోవారికి అది చేరకపోతే వాళ్ల తెరమీద మీ గంటలు ఖాళీ. అందుకే ప్రతి కాగితం బెనిఫిట్స్‌క్యాల్ వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేసి, అందినట్టు వచ్చిన తెరను ఫొటో తీసి, ఇద్దరికీ తెలియజేయాలి. హాజరు పట్టీలో మూడు చూడండి: తేదీల వారీగా గంటలు, టీచర్ లేదా సూపర్‌వైజర్ సంతకం, వాళ్ల ఫోన్ నంబరు. ‘ఈ వారం 20 గంటలు’ అని ఒక్క గీతలో రాసినదాన్ని తిప్పి పంపుతారు. బిడ్డకు జ్వరమొచ్చి మానేస్తే ఆ రోజే మెసేజ్ పెట్టండి. ఫెడరల్ లెక్కలో జీతంలేని పనులకు పది సెలవు దినాలు కాక ఏడాదికి 80 గంటల గైర్హాజరును మన్నిస్తారు, కారణం రాసి ఉంటేనే.

గంటలు తగ్గాయని తేలితే ఎన్‌ఏ 840 నోటీసు వస్తుంది. ఇల్లు మారి అడ్రసు చెప్పకపోతే ఆ కవరు పాత తలుపు దగ్గరే ఆగిపోతుంది, గడియారం మాత్రం ఆగదు. నోటీసు తేదీ నుంచి 20 రోజుల్లోపు కౌంటీతో మాట్లాడి కారణం చెప్పుకోవాలి. చైల్డ్ కేర్ దొరకలేదు, బస్సు లేదు, ఒంట్లో బాగాలేదు, ప్రయాణం రెండు గంటలు దాటుతోంది, ఇంట్లో హింస ఉంది, ఇవన్నీ చెల్లే కారణాలే. కారణం చెల్లకపోయినా వెంటనే శాంక్షన్, అంటే శిక్షగా గ్రాంటు కోత, పడదు. సరిదిద్దుకుంటామని ఒక ప్రణాళిక మీద సంతకం పెట్టి పాటిస్తే అక్కడితో ముగుస్తుంది. ఈ మెట్లన్నీ దాటిపోతే గ్రాంటులోంచి పెద్దవాళ్ల వాటా తీసేస్తారు. తల్లి, ఇద్దరు పిల్లలు ఉంటే ఇకపై ఇద్దరి గ్రాంటే వస్తుంది. చాలా రాష్ట్రాలు ఇలాంటప్పుడు కుటుంబం మొత్తానికీ సాయం ఆపేస్తాయి, ఫెడరల్ చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కాలిఫోర్నియా పిల్లల పళ్లెం జోలికి పోదు. 60 నెలలు నిండాక కూడా అంతే, పెద్దవాళ్ల వాటా పోయినా పిల్లలది నడుస్తుంది. శాంక్షన్ పడ్డాక కూడా తిరిగి పనిలో చేరతామని ఎప్పుడైనా అడగొచ్చు.

కోత అన్యాయమనిపిస్తే స్టేట్ హియరింగ్ (రాష్ట్ర స్థాయి విచారణ) కోరండి. నోటీసు తేదీ నుంచి 90 రోజుల గడువుంది, కానీ అన్ని రోజులు ఆగకండి. కోత అమల్లోకి వచ్చే తేదీకి ముందే అడిగితే తీర్పు వచ్చేదాకా పాత గ్రాంటే వస్తుంది. తీర్పు వ్యతిరేకంగా వస్తే ఆ తేడా తిరిగి కట్టాల్సి రావచ్చు. హియరింగ్ ముందు మీ కేసు ఫైలు చూసే హక్కు ఉంది. అందులో మీ ప్రణాళిక కాగితం, వచ్చిన నోటీసుల నకళ్లు, వర్కర్ రాసుకున్న నోట్సు అడిగి తీసుకోండి. మీరు ఫొటో తీసి దాచుకున్న హాజరు పట్టీలను తేదీ వరసలో పెట్టి వాటి పక్కన ఉంచండి. హియరింగ్‌కు తెలుగు దుభాషి కావాలని దరఖాస్తులోనే రాయండి, దానికీ ఖర్చు ఉండదు.